నాటకమునకొక యిల్లు

ఓరుగల్లు రాతికోటకు వెలుపల, హనుమకొండకు పోవు త్రోవలో నున్న పాతవాడలలో మట్టెవాడ యొకటి. భోగేశ్వరాలయము గల వాడ యిది. 1932వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన ఈ వాడలోనే నేరెళ్ళ వేణుమాధవ్ జన్మించెను. మనుష్యుల గొంతులే కాక యంత్రముల రొదను, చలనచిత్రములలోని యుద్ధఘోషలను సైతము ఒక్క కంఠమున పలికించి ధ్వన్యనుకరణమునకు కళాగౌరవమును తెచ్చిన వాడాయన. 2001లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2018 జూన్ 19వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయనకు తెర అక్కరలేదు, వేషములగది అక్కరలేదు, తోడినటుడును అక్కరలేదు. నిలువ జానెడు చోటు, వినుటకు నలుగురు మనుష్యులు ఉన్న చాలును. నాటకసమాజ మంతయు ఆయన గొంతులోనే కాపురముండెడిది.

నాటకమున కట్టి స్వాతంత్ర్యము లేదు. దానికొక యిల్లు కావలెను. కప్పు కావలెను, ఎత్తైన అరుగు కావలెను, చివరి వరుసలో కూర్చున్న వృద్ధురాలికి సైతము మాట వినవలెను. ఇట్టి యింటిని క్రొత్తగా కట్టవలెనన్న ద్రవ్యము కావలెను, స్థలము కావలెను, అన్నిటికంటె మించి ఓపిక కావలెను. మట్టెవాడ వంటి పాతవాడలో ఖాళీ స్థల మెక్కడిది? అయినను పాత ఊళ్ళన్నిట ఒక వస్తువు సమృద్ధిగా నుండును: పని తీరిపోయి తలుపులు మూసికొన్న కట్టడము. ఒకచోట సరకు రాని గిడ్డంగి, ఒకచోట పిల్లలు లేని బడి, వేరొకచోట బొమ్మ ఆడని సినిమాహాలు. ఇట్టి కట్టడమును వాడవారి నాటకశాలగా మార్చుట సాధ్యమేనా, మార్చినచో అది నిలుచునా అను ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పుచున్నదో నేటి ప్రసంగమున విచారింతము.

ముందుగా ఓరుగల్లు సంగతి. కాకతీయుల కాలమున ఈ నేలపై నాట్యమునకు కొదువ లేదు. గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించి, శాస్త్రములలోని మార్గనృత్యములతోపాటు జనులు ఆడుకొను దేశినృత్యములను గూడ లక్షణబద్ధ మొనర్చెను. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్పగుడి రంగమంటపమును చూచిన వారికి, నడుమనున్న ఆ నునుపైన చట్టము ఎందుల కేర్పడినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడి యెదుటను విశాలమైన మంటప మున్నది. విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున నాటక లక్షణములు తెలుపుటకై ప్రతాపరుద్రుని మీదనే ఒక నాటకమును కూర్చి యందులో చేర్చెను.

అయినను ఇవన్నియు గుడిలోనివి, కొలువులోనివి. వాడలోని సామాన్యజనుడు ఏమి చూచెను? ఎచట చూచెను? దీనికి సమాధానము క్రీడాభిరామములో దొరకును. కాకతీయరాజ్యము 1323లో అంతరించిన తరువాత పుట్టినదైనను ఈ కృతి ఓరుగల్లును కన్నులకు గట్టినట్లు చూపును. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు ఒక దినమంతయు నగరమున తిరుగుదురు. ఒకచోట పల్నాటి వీరుల కథను పాడుచుందురు, ఒకచోట జక్కుల పురంధ్రి గానము చేయుచుండును, ఒకచోట కోళ్ళు పోరుచుండును, వేరొకచోట పొట్టేళ్ళు ఢీకొనుచుండును. చూడవచ్చిన జనమునకు లోటు లేదు. కాని ఈ వినోదములలో ఒక్కదానికైనను తనదని చెప్పుకొనుటకు ఇల్లున్నట్లు కానరాదు. ఇల్లు గలది ప్రతాపరుద్రుని ఆదరమును పొందిన వేశ్య మాచల్దేవి యొక్కతెయే. ఆమె చిత్రశాల ప్రవేశోత్సవమును కవి చూపును. ప్రజల కళ వీధిలో, కొలువుకళ శాలలో. ఈ యేర్పాటు తెలుగుదేశమున మరి అయిదువందల యేండ్లు ఇంచుమించుగా ఇట్లే సాగినది. వీథినాటకము, యక్షగానము, తోలుబొమ్మలాట, ఈ ఓరుగల్లు సీమకు ప్రాణమైన ఒగ్గుకథ అన్నియు గుడిముంగిటనో, పందిటిలోనో, రచ్చచెట్టు క్రిందనో ఆడబడినవే.

ఇక మార్పు వచ్చిన తీరు చూడుడు. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, పాకవేసి, నాటకము లాడిరి. తెరలు, వేషములు, దీపముల వెలుగు చూచి ఊరివారు ముగ్ధులైరి. కొన్నాళ్ళకు వారు మూట కట్టుకొని పోయిరి. పాక మాత్రము మిగిలినది. ఊరివారికి అది ఖాళీపాక. ఆ ఊరి బడిలో తెలుగు చెప్పుచున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారికి మాత్రము అది నాటకశాల. తన విద్యార్థులను చేర్చి, షేక్స్పియరు హాస్యనాటక మొకదానిని తెలుగుచేసి చమత్కార రత్నావళి యని పేరుపెట్టి, సంస్కృతమునుండి రత్నావళిని గూడ తెనిగించి, అన్యులు విడిచిపోయిన ఆ పాకలోనే ఆడించెను. ఆధునికాంధ్ర నాటకప్రదర్శన చరిత్రను వ్రాయువారు ఈ సంఘటనము నుండియే ఆరంభింతురు.

ఇచట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలసియున్నది. పంతులుగారు నాటకశాల కట్టుటకు చందాలు వసూలుచేయుటతో మొదలుపెట్టియుండిన యెడల మన నాటకము ఎన్నేండ్లు వెనుకబడెడిదో! ఆయన చేతనున్నవి మూడే: ఒక ఖాళీపాక, బడిపిల్లలు, తాను వ్రాసికొన్న పుస్తకము. ధార్వాడవారు పాకను విప్పుకొని పోయియున్నచో ఏమి జరిగెడిదో ఎవరు చెప్పగలరు? తరువాత పదియేండ్లు తిరుగక ముందే ఆ ఊరిలోనే ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు సమాజము నడుపుట, దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు కీచకవధ, గయోపాఖ్యానము మున్నగు నాటకములు వ్రాసియిచ్చుట జరిగినది. ఆ సమాజమున ఆడవేషములు కట్టిన బాలుడొకడు పెద్దవాడై ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి అయ్యెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆ సంగతిని ఎన్నడును దాచుకొనలేదు.

దీనికి సరిగా ఎదురుగానున్నది విజయనగరము. అచట 1892 ఆగస్టు 13వ తేదీన జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును తొలిసారి ప్రదర్శించిరి. అది మహారాజు నీడ. నాటకము గొప్పది, అండ గొప్పది. కాని రాజు గల ఊళ్ళెన్ని? ఇక మూడవ త్రోవ సురభివారిది. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస వంశమువారు కీచకవధతో మొదలుపెట్టి, తమ యింటిని తామే బండ్లపై మోసికొని ఊరూర తిరిగిరి. ఊరికి వచ్చిన నాడు ఇల్లు లేచును, పోయిన నాడు ఇల్లు పోవును. వారి దీక్ష అద్భుతమైనది. అయినను వారు పోయిన మరునాడు ఆ ఊరికి మిగులునది గుంజలు పాతిన గుంటలే గదా.

గోదావరితీరమున ఇట్లు జరుగుచుండగా ఓరుగల్లున స్థితి వేరు. నిజాము ఏలుబడిలో గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు నాటి పెద్దలకు పీడకలవంటిది. నలుగురు కూడి సభచేసికొనవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. తెలుగులో మాటాడుటయే ఒక సాహసకార్యమైన కాలమున తెలుగు నాటకమునకు ఇల్లు కట్టుట యెట్లు? 1943లో స్థాపితమైన నిజాము రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు తన వార్షికోత్సవములను ఓరుగల్లున జరుపబూనినప్పుడు, వేసిన పందిరి దుండగుల చేత తగులబెట్టబడినది. దాశరథి మున్నగు కవులు వెనుదీయక ఆ బూడిద నడుమనే కవిసమ్మేళనము జరిపిరి. ఈ కథ మన ప్రాంతమున ఎరుగని వారుండరు. కవుల ధైర్యమును పొగడుటకే దీనిని చెప్పుదురు. ఆ పొగడ్త తగినదే. కాని నాకు ఆ కాలిన పందిరియు జ్ఞప్తికి వచ్చును. పద్యమునకు బూడిదలో నిలిచినను సరిపోవును. నాటకమునకు సరిపోదు. తెరయు, నగలును, దీపములును, నెలరోజుల అభ్యాసమును ఒక్క అగ్గిపుల్లతో పోవును. గోదావరి మండలమున కప్పు అనగా సౌకర్యము. ఓరుగల్లున కప్పు అనగా తనను వెడలగొట్టలేని చోటు. ఈ భేదమును మరచి రెండు ప్రాంతముల నాటకచరిత్రలను ఒకే కొలబద్దతో కొలుచుట న్యాయము కాదు.

తరువాత రెండు పెద్ద మార్పులు వచ్చినవి. మొదటిది మాటాడు చలనచిత్రము. 1930ల నుండి తెలుగు పట్టణములలో నాటకములకై కట్టిన హాళ్ళు ఒకటొకటిగా సినిమాహాళ్ళుగా మారినవి. అరుగుపై తెల్లగుడ్డ కట్టిరి, వెనుకగోడకు రంధ్రము చేసి యంత్రమును నిలిపిరి, పని ముగిసినది. నటులు మద్రాసు రైలెక్కిరి, లేదా ఇంటికి పోయిరి. కాలచక్రము తిరిగి నేడు ఆ ఒంటితెర సినిమాహాళ్ళే అనేక పట్టణములలో మూతపడుచున్నవి. నాటకమునుండి సినిమా తీసికొన్న అప్పును వడ్డీలేకుండనైన తిరిగి యిప్పించుటకు ఇది అదను అని కొందరు మిత్రులు పరిహాసముగా అందురు. పరిహాసమున కొంత సత్యము లేకపోలేదు: వాలుగా నున్న నేల, నలువైపుల ద్వారములు, నడుమ స్తంభములు లేని కప్పు, ఈ మూడును సినిమాహాలునందు సిద్ధముగా నుండును.

రెండవది మరింత బాధాకరము. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసినది. దాని కూత విని ఊరు లేచెడిది, ఆ కూతవిని పరుండెడిది. ఎన్నో వేల కుటుంబములకు అన్నము పెట్టిన ఆ మిల్లు నష్టములపాలై మూతపడినది. యంత్రములు పోయినవి, గోడలు కూల్చబడినవి, నేల ముక్కలైనది. ఇతర దేశములలోని పారిశ్రామిక నగరములందు ఇట్టి మిల్లుల షెడ్లలో చిత్రశాలలు, నాట్యశాలలు, గ్రంథాలయములు వెలసిన ఉదాహరణములు కోకొల్లలు. ఎత్తైన కప్పు, దృఢమైన గోడలు గల ఆ షెడ్లలో ఒక్కటైనను నాటకమునకై మిగిలియుండిన యెడల బాగుండెడిదని అనిపించును. కూలిన దానిని గూర్చి వగచి ఫలము లేదు. కాని కట్టడము ఖాళీయైన నాటికి, అది కూలిన నాటికి నడుమ కొంత వ్యవధి యుండుననియు, చేయదగిన పని యేదైన నున్నచో ఆ వ్యవధిలోనే చేయవలెననియు గ్రహించుట మంచిది.

పరదేశముల ఉదాహరణములు రెండు చెప్పెదను; రెండును మన వాడలకు దగ్గరగా నున్నవే. ఐర్లండు రాజధాని డబ్లినులో ఏట్సు కవియు, లేడీ గ్రెగరీయు తమ జాతీయ నాటకమునకు ఇల్లు వెదకుచుండగా, హార్నిమన్ అను ఇంగ్లీషు వనిత ద్రవ్యసహాయము చేసెను. వారు క్రొత్తగా కట్టలేదు. చేతిపనివారి విద్యాసంఘము నడిపిన పాతహాలు నొకదానిని, దాని ప్రక్కనే మృతదేహముల నుంచెడి శవశాలను కలిపి మరమ్మతు చేయించి, 1904 డిసెంబరు 27వ తేదీన అబ్బీ థియేటరని తెరచిరి. శవముల నుంచిన యింట నాటకమా యని మనవారైనచో పుణ్యాహవాచనమునకు పురోహితుని పిలిచియుందురు. వారును కొంత జంకిరో లేదో కాని, ఒక జాతి తన్ను తాను అద్దములో చూచుకొన్నది ఆ యింటనే.

రెండవది ఇంగ్లండులోని నార్విచ్ పట్టణము. 1794లో కట్టిన రోమన్ కాథలిక్కు ప్రార్థనాలయ మొకటి అచట వాడుక తప్పి, రొట్టెలు పొంగుటకు వాడు పిండిమందును చేయు కార్ఖానాగా కొంతకాలము, సాల్వేషన్ ఆర్మీవారి స్థానముగా కొంతకాలము గడపినది. నజెంట్ మంక్ అను నాటకప్రయోక్త దానిని షేక్స్పియరు కాలపు రంగస్థలమువలె మార్చి, 1921 సెప్టెంబరులో మడ్డర్‌మార్కెట్ థియేటరను పేర తెరచెను. ఇందు నటించినవారు ఊరివారే: పగలు తమ పనులు, సాయంకాలము అభ్యాసము. కరపత్రములలో నటుల పేర్లు వేయకుండుట వారి నియమము. ఎవరు కథానాయకుడో, ఎవరు బంటో చూచువారికి నాటకమున తెలియవలెనే కాని కాగితమున కాదు. ఇట్టి ఔత్సాహికులు 1933 నాటికి షేక్స్పియరు నాటకములన్నిటిని ఒకటి విడువక ఆడి ముగించిరి. పెద్ద నగరముల వృత్తినటుల కంపెనీలకు సాధ్యము కాని పని యది. మన నాటకసమాజములు పుట్టిన రెండేండ్లకే వేషముల పంపకముపై చీలిపోవుట చూచినప్పుడెల్ల నాకు పేర్లు వేయని ఆ కరపత్రములు గుర్తుకు వచ్చుచుండును.

కట్టడము దొరకినంతమాత్రమున నాటకశాల కాదు. అన్నిటికంటె ముందు ఎదురగు శత్రువు ప్రతిధ్వని. గిడ్డంగులు సరకు కొరకు కట్టబడినవి. సరకునకు చెవులు లేవు. నున్నని సున్నపుగోడలు, గచ్చునేల, రేకుకప్పు గల హాలులో పలికిన మాట గోడనుండి గోడకు తిరిగి, తరువాతి మాటపై పడి, రెండును చెడును. ఈ వ్యాధికి చికిత్స కనుగొన్న వాడు హార్వర్డు విశ్వవిద్యాలయములోని యువాచార్యుడు వాలేస్ సాబిన్. 1895లో అచట క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఏమి చెప్పినను ఎవరికిని అర్థము కాకుండెను. ఒక్క శబ్దము అణగిపోవుటకు సుమారు అయిదున్నర సెకండ్లు పట్టుచుండెను. సాబిన్ ప్రక్కనున్న నాటకశాలలోని ఆసనముల మెత్తలను రాత్రులందు మోయించుకొని వచ్చి, కొన్నికొన్నిగా పరచి, ప్రతిసారి శబ్దము ఎంతసేపు నిలుచునో కొలిచెను. తెల్లవారకముందే మెత్తలను తిరిగి చేర్చెడివాడు. హాలు పరిమాణము పెరిగినకొలది ప్రతిధ్వని పెరుగుననియు, మెత్తని వస్తువులు పెరిగినకొలది తగ్గుననియు ఆయన లెక్క కట్టి చెప్పెను. మాటలు ప్రధానముగా గల నాటకమునకు శబ్దము ఒక సెకండు ప్రాంతమున అణగిపోవుట మేలు. సంగీతమునకు అంతకంటె కొంత హెచ్చైనను చెల్లును.

మట్టెవాడవారికి ఈ శాస్త్రము ఖర్చైన మందు కాదు. వరంగల్లు జంపఖానాలకు పుట్టినిల్లు. మందమైన ప్రత్తిజంపఖానాలను వెనుకగోడమీద, ప్రక్కగోడలపైభాగమున, గోడకు నాలుగంగుళములు ఎడముగా వ్రేలాడదీసినచో సాబిన్ మెత్తలు చేసిన పనిలో చాలభాగము చేయును. చూచుటకును సొంపుగా నుండును. జనముతో నిండిన హాలు తానే ప్రతిధ్వనిని సగము మ్రింగును. మనుష్యుని దేహమును మించిన మెత్త లేదు. కావున ఖాళీహాలులో అభ్యాసముచేసి అయ్యో ఇది పనికిరాదని నిరాశపడరాదు.

రెండవ శత్రువు అగ్ని. దీనిని గూర్చి ఆలస్యముగా ఆలోచించుట మన అలవాటు. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో 59 మంది మరణించుటకు మంటలకంటె పొగయు, బయటపడ త్రోవలేకపోవుటయు ముఖ్యకారణములు. పాతగిడ్డంగులకు సాధారణముగా ఒకే పెద్దతలుపు ఉండును. సరకు కాపాడుటకు అదియే మేలు. నాటకశాలకు అదియే మృత్యువు. బయటికి తెరచుకొను ద్వారములు కనీసము రెండు ఎదురెదురు దిక్కులందు పెట్టింపకుండ ఒక్క ప్రదర్శనమైన జరుపరాదు. జంపఖానాలు కట్టుడని చెప్పిన నేనే ఈ మాటయు చెప్పవలసియున్నది. అవి అంటుకొనకుండ మందుపూత పూయించుట, వానికి దీపములను దూరముగా నుంచుట తప్పనిసరి.

ఇంకొక సంగతి. పాతకట్టడమనగానే మనవారి చూపు కోటలోని ఖుష్‌మహలు వైపు పోవును. వాలుగోడలు, పెద్దపెద్ద కమానులు గల ఆ హాలు నిజముగా గంభీరమైనది. శిథిలశిల్పములను అందు భద్రపరచినారు. కాని రక్షితస్మారకములు 1958 నాటి చట్టమునకు లోబడినవి. వానియందు మేకు కొట్టుటయు నేరమే, అది న్యాయము. అట్టిచోట్ల అప్పుడప్పుడు ఉత్సవములు జరుపుకొనవచ్చును. 1963లో ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా శిథిలముల నడుమ అంధాయుగ్ నాటకమును ఆడించెను. కూలిన గోడలే కురుక్షేత్రానంతర హస్తినాపురమైనవి. 1985లో నటరాజ రామకృష్ణగారు రామప్పగుడి యెదుట పేరిణి శివతాండవమును ఆడించినప్పుడును ఏడువందల యేండ్ల రాయి మరల మేల్కొన్నట్లు తోచినది. హైదరాబాదు సమీపమున కుతుబ్‌షాహీల నాటి తారామతి బారాదరి చెంత ప్రదర్శనశాలను నిర్మించి నాటకోత్సవములు జరిపిరి. ఇవి పండుగలు. వాడవారికి కావలసినది పండుగ కాదు, ప్రతి శనివారము సాయంకాలము తెరచుకొను తలుపు.

అట్టి తలుపునకు మన రాష్ట్రములో దగ్గరి దృష్టాంతము హైదరాబాదు బంజారాహిల్సులోని లామకాన్. అది మోయిద్ హసన్ అను కళాభిమానియైన ఛాయాగ్రాహకుని నివాసగృహము. ఆయన గతించిన తరువాత ఆయన బంధువులు, మిత్రులు ఆ యింటిని అమ్ముకొనక 2010లో కళలకు తెరచిరి. లామకాన్ అను మాటకు ఇల్లు లేనిది యని అర్థము. ఇంటికి ఇల్లులేనిదని పేరుపెట్టుటలో చమత్కారమున్నది. ముంగిటనే నాటకములు, గానసభలు, వాదోపవాదములు. ఎవరైనను అడిగి తేదీ పొందవచ్చును. ఆ యింటిని నిలిపినవానిలో సమోసాలకును టీకిని గల పాలు తక్కువదికాదు. నవ్వవలదు, కళను పోషించు రాజులు పోయిన తరువాత టీకొట్టు ఆ పనిలో కొంత చేయుచున్నది. కట్టడమును మార్చుట ఒక్కసారి పని, ఖర్చు ఒక్కసారి ఖర్చు. విద్యుత్తు బిల్లు నెలనెల వచ్చును. రాజమహేంద్రవరములోని పాకకు విద్యుత్తు బిల్లు లేదు గనుక పంతులుగారికి ఈ చిక్కు లేకపోయెను.

ఓరుగల్లు నగరమునకు నేడు పెద్ద నాటకశాలలు లేవని కాదు. హనుమకొండలో వేణుమాధవ్ పేర కళాప్రాంగణ మున్నది. కాళోజీ పేర కళాక్షేత్రమునకు 2014లో శంకుస్థాపన జరుగగా, 2024 నవంబరులో అది ప్రారంభమైనది. వేయిమందికి పైగా కూర్చుండగల శాల యది. వేయిస్తంభముల గుడి మంటపము సైతము రాయిరాయిగా విప్పబడి, సంఖ్యలు వేయబడి, ఏండ్లతరబడి నేలపై పడియుండి, తిరిగి కూర్చబడి 2024 మార్చిలో తెరువబడినది. ఇవి నగరమునకు శోభ. అయితే ముప్పదిమంది నటులు, నూరుమంది ప్రేక్షకులు గల వాడనాటకము వేయి కుర్చీల హాలులో ఆడినచో తొమ్మిదివందల ఖాళీకుర్చీలు నటుని ముఖమున నవ్వును. క్రొత్తగా నేర్చు పిల్లవాడు ఆ నవ్వునకు తట్టుకొనలేడు. నూటయేబది మంది పట్టు పాతగిడ్డంగిలో అదే నూరుమంది నిండుసభ.

అట్లు మట్టెవాడలో ఒక పాతతలుపు తెరచుకొన్న నాడు తొలినాటకముగ ఏది ఆడవలెనని అడిగినచో నా యభిప్రాయము సిద్ధముగానున్నది. క్రీడాభిరామము. అది వీథి యను రూపకభేదము. ఒకే అంకము, ముఖ్యపాత్రలు ఇద్దరే. తెరలు మార్చనక్కరలేదు, సింహాసనములు తేనక్కరలేదు. మానవల్లి రామకృష్ణకవిగారు ఇరువదవ శతాబ్ది ఆరంభమున వెలికితీసినది మొదలు పండితులు దానిని చదువుచునే యున్నారు, ఆడినవారు అరుదు. కొన్ని పద్యములు ఇంటిల్లిపాది కూర్చున్న సభకు తగవు, వానిని విడువవచ్చును. మంచనశర్మకు కంచుకంఠము గల పద్యగాయకుడు కావలెను. టిట్టిభసెట్టి వేషమునకు మాత్రము మట్టెవాడ అంగళ్ళలో వెదకినచో మనిషి దొరకకపోడు.